చూసినట్టు సంతకం

రాఘవన్ సార్ నవల ఆఖరి పుట చదివి, పుస్తకం మూసి, కండ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. గదిలో ఉన్నది నలుగురే. సార్ ఏడుస్తా ఉన్నాడు. షేర్ ఆటో మాడసామి ఏడుస్తా ఉన్నాడు. పోస్టాఫీసు అభిరామి చున్నీ నోట్లో కుక్కుకొని ఏడుస్తా ఉంది. నాలుగో మనిషి జగన్నాథన్ మాత్రం ఏడుపు రాక, వచ్చినట్టు కనబడాలని కండ్లు నలుపుకొంటా ఉన్నాడు.

రాజపాళయంలో మూతబడిన ఒక టైప్‌రైటింగ్ ఇన్‌స్టిట్యూట్ మేడ మీద ప్రతి ఆదివారం పొద్దున పదింటికి ఈ చదువు జరిగేది. రాఘవన్ సార్ కాలేజీలో తమిళం చెప్పి రిటైరైన మనిషి. పుస్తకం తమిళంది. చదివేది తమిళంలో, నడుమ నడుమ ఆపి విడమరిచి చెప్పేది ఇంట్లో మాట్లాడుకొనే మన తెలుగులో. ఈ ఏడాది పొడుగునా రష్యావాళ్ళ నేరాల నవలలే అని సార్ తీర్మానించినాడు. ఒకటి అయితే ఇంకొకటి, అన్నీ తలగడంత లావు. అన్నింట్లోనూ ఎవడో ఒకడు తప్పు చేస్తాడు. చేసిన మరుసటి దినం నుంచి వానికి జొరం. ఎదురొచ్చిన ప్రతివాడూ పోలీసు మాదిరి కనబడతాడు. మూడు నూర్ల పుటలు తన్నుకొని తన్నుకొని, ఆఖరికి ఎవరి ముందరో మోకాళ్ళ మీద కూలబడి చెప్పేసుకొంటాడు. చెప్పినాక మంచులోకి తోలతారు. ఆ మంచులో వాని ముఖం తేటగా అయిపోతుంది.

జగన్నాథన్‌కు ఆ తేట ముఖాల మీద పెద్ద ఆశ. వయసు అరవై ఒకటి. ఆసుపత్రులకు కట్టుగుడ్డ నేసే మిల్లులో ముప్పై నాలుగేండ్లు మడత సెక్షన్లో సూపర్‌వైజర్‌గా చేసి రిటైరైనాడు. తెల్లటి గుడ్డ, దాని మీద ఒక్క మరక ఉండగూడదు, అదీ ఆయన బతుకు.

పుస్తకం పక్కన పెట్టి సార్ గొంతు సవరించుకొన్నాడు. "చదివింది చాలు. వచ్చే ఆదివారం ఒక్కొక్కరూ మీ నేరం చెప్పాల. మనసులో ముల్లు మాదిరి ఉండేది. దాచుకోగూడదు."

వచ్చే ఆదివారం రానే వచ్చింది. మాడసామి మొదట లేచినాడు. మంసాపురం రోడ్డులో ఆరేండ్ల కింద తన ఆటో కింద నెమలి ఒకటి పడిందని చెప్పినాడు.

"అది తెలిసి చేసింది గాదే," అన్నాడు సార్.

"పడింది తెలిసి గాదు సార్. వండింది తెలిసే."

మాడసామి ఆటో ముందర అద్దం నిండా నెమలి వాహనం మీది మురుగన్ బొమ్మ. ఏడాదికొకసారి పళనికి నడిచిపోతాడు. ఆరేండ్లుగా సామి ముఖం చూడలేదంట, కాళ్ళు చూసి దండం పెట్టి వచ్చేస్తాడంట. చెప్పి, గోడకు తల ఆనించి ఏడ్చినాడు.

తరువాత అభిరామి. అక్కకు ఉద్యోగం ఇంటర్వ్యూ కాగితం వస్తే, తనకు రాలేదనే కడుపుమంటతో బియ్యం డబ్బాలో దాచేసింది. గడువు దాటిపోయింది. "ఇప్పటికీ అక్క ప్రతి పండగకూ నాకు చీర తెస్తుంది. కట్టుకుంటే ఒళ్ళంతా కరుస్తుంది సార్," అనింది.

చివరకు సారే చెప్పుకొన్నాడు. తన పేరు ముందర ఉండే డాక్టర్ అనే మాట తనది గాదు. చచ్చిపోయిన సావాసగాడు రాసి పెట్టిన కాగితాలను తన పేరుతో యూనివర్సిటీకి పంపినాడు. ముగ్గురూ ఒకరి చేతులు ఒకరు పట్టుకొని కూర్చున్నారు. ముగ్గురి ముఖాలూ కడిగిన పళ్ళెం మాదిరి మెరుస్తా ఉన్నాయి.

"నీవు చెప్పు జగన్నాథా."

జగన్నాథన్ వారమంతా వెతుక్కొని తెచ్చింది ఒకటుంది. "ఒకసారి శ్రీవిల్లిపుత్తూరుకు టికెట్టు లేకుండా బస్సులో పోయినాను."

"దాక్కొన్నావా?"

"లేదు సార్. చిల్లర చేతిలో పట్టుకొనే ఉన్నాను. కండక్టర్ రాలేదు."

అభిరామి జాలిగా చూసింది. సార్ ఆయన భుజం మీద చెయ్యి వేసినాడు. "పరవాలేదు జగన్నాథా. ఇంకా వయసుంది."

ఆ మాట జగన్నాథన్‌ను కోసేసింది. ఇంటికి వచ్చి అన్నం ముందర కూర్చొని ముద్ద ఎత్తలేదు. భార్య బొమ్మి రసం గరిటె పట్టుకొని నిలబడింది.

"ఏమయ్యా, ఒళ్ళు బాగలేదా?"

"నేను చేసిన తప్పు ఒకటి చెప్పు బొమ్మీ. పెద్దదిగా."

బొమ్మికి ఆలోచించే పని పడలేదు. "మా తమ్ముని పెండ్లికి నన్ను పంపలే. నాకు కాన్పు నొప్పులొస్తే నీవు మిల్లులో గుడ్డ మడిచిపెడతా ఉన్నావు. ముప్పై ఐదేండ్లలో ఒక్కసారి గూడా కూర బాగుందనలే. చాలునా, ఇంకా కావాల్నా?"

"అవి నేరాలు గాదే. నేరమంటే దానికొక సెక్షన్ ఉండాల."

"నాకు తగిలింది సెక్షన్ చూసుకొని తగల్లేదు," అని బొమ్మి రసం కంచంలో గాక నేల మీద పోసి లోపలికి పోయింది.

రెండు దినాలు ఆలోచించి జగన్నాథన్ ఒక తీర్మానానికి వచ్చినాడు. లేని నేరం ఎక్కడనుంచో రాదు, చేయాల్సిందే. మనిషిని చంపేది చేతగాదు. కోడిని కోసేటప్పుడే పక్కకు తిరుగుకొనే మనిషి. దొంగతనం చేయవచ్చు. కానీ అల్పమైనది దొంగిలిస్తే మళ్ళీ చిల్లర కథే అవుతుంది. ఊరి పేరు మోసే వస్తువు ఏదైనా కావాల. రెండు వీధుల అవతల కుమారసామి రాజా ఇంటి గేటులో కట్టేసిన తెల్ల కుక్క ఆయన కండ్ల ముందర నిలిచింది. అసలైన రాజపాళయం జాతి, గులాబీ రంగు ముక్కు, గుర్రప్పిల్ల మాదిరి ఒడ్డూ పొడుగూ. పేరు సింగం. ఆ ఇంటికి పత్తి జిన్నింగ్ ఫ్యాక్టరీ ఒకటి, ఆ కుక్క ఒకటి, రెండే గర్వాలు.

బుధవారం పొద్దున ఎనిమిదింటికి, వీధి అంతా మనుషులు తిరుగుతా ఉండగానే, జగన్నాథన్ గేటు తెరిచి, కుక్క గొలుసు విప్పి, బయటికి నడిచినాడు. గుండె డోలు మాదిరి కొట్టుకొంటా ఉంటే, ఇదే ఆ జొరం, ఇదే, అని లోలోపల సంతోషపడినాడు. ఆ సంతోషం పది అడుగులే. సింగం ఆయనను ఈడ్చుకొని పరుగెత్తింది. కూరగాయల బజారు, పెట్రోలు బంకు, మిల్లు గేటు, మళ్ళీ బజారు. చెప్పులు ఒకటి ఒకచోట, ఇంకొకటి ఇంకొకచోట పోయినాయి. దొంగను దొంగసొత్తే ఊరంతా తిప్పి, ముప్పావుగంట తరువాత తానుగా తన గేటు ముందరికే తెచ్చి నిలబెట్టింది.

గేటులో కుమారసామి రాజా నిలబడి ఉన్నాడు. జగన్నాథన్ కండ్లు మూసుకున్నాడు.

"జగన్నాథన్ గదా? ఆహా!" అన్నాడు రాజా. "దీన్ని వాకింగ్ తీసుకొనిపోయేవాడు మానేసి నెల దినాలయింది. కుక్క ఒళ్ళు పెరిగిపోతా ఉందని డాక్టర్ తిడతా ఉన్నాడు. దేవుడు మాదిరి వచ్చినావు. రా, కాఫీ తాగు."

"అయ్యా, నేను దొంగిలించినాను."

"ఏమి?"

"కుక్కను."

రాజా కుక్కను చూసినాడు, జగన్నాథన్‌ను చూసినాడు, కడుపు పట్టుకొని నవ్వినాడు. లోపలికి పిలిచి, ఆడవాళ్ళకు గూడా చెప్పి నవ్వించినాడు. కాఫీ తెచ్చిచ్చినారు, రెండు మురుకులు గూడా పెట్టినారు. "రేపు గూడా దొంగిలించు. ఎనిమిదింటికి," అని పంపినాడు.

జగన్నాథన్ మరునాడు పోయినాడు. పోకుంటే కుక్క గేటు దగ్గర ఎదురు చూస్తుందేమో అని మనసు ఒప్పలేదు. ఇట్ల పది దినాలు దొంగతనం జరిగింది.

పదకొండో దినం రాజా చేతిలో కాగితం ఒకటి పట్టుకొని కాచుకొని ఉన్నాడు. చెన్నైలో కుక్కల పోటీ. సింగం నాయనా అమ్మా కలిసిన దానికి సాక్షి సంతకం కావాలంట. "ఫలానా తేదీన ఈ రెండు కుక్కలూ కలిసేది నేను నా కండ్లారా చూసినాను. దీని కింద ఒక సంతకం పెట్టు."

"నేను చూడలేదే అయ్యా. అది నాలుగేండ్ల కింద మాట."

"ఎవడు చూసినాడు? అదొక ఆనవాయితీ, అంతే. చూసినట్టు సంతకం పెట్టు. నీ మాదిరి మంచి మనిషి సంతకం ఉంటే ఎవడూ ప్రశ్న అడగడు."

జగన్నాథన్ పెన్ను తీసుకొన్నాడు. 'జ' రాసినాడు. చెయ్యి ఆగిపోయింది.

ఈ మాట ఆయన ముందొకసారి విన్నాడు. ఇదే మాట, ఇట్లనే పెన్ను మూత తీసి చేతికిస్తా. ఇరవై రెండేండ్ల కింద. మిల్లు ఆఫీసులో. మేనేజర్ టేబుల్ మీద టైపు కొట్టిన కాగితం ఒకటుంది. మడత సెక్షన్ కూలి పళనియమ్మాళ్ కట్టుగుడ్డ చుట్టలు విప్పి నడుముకు చుట్టుకొని, పైన చీర కప్పుకొని దొంగిలించేది నేను కండ్లారా చూసినాను. పళనియమ్మాళ్ మేనేజర్‌కు ఎదురు మాట్లాడే మనిషి. ఆ అమ్మను ఎట్లయినా పంపేయాలని ఆయన చూస్తా ఉండేది అందరికీ తెలుసు. "నేను చూడలేదు సార్," అని జగన్నాథన్ అన్నాడు. "చూసినట్టు పెట్టయ్యా. నీ సంతకానికి మర్యాద ఉంది," అన్నాడు మేనేజర్. జగన్నాథన్ పెట్టినాడు. పెట్టి, క్యాంటీన్‌కు పోయి వడ తిన్నాడు. సాయంత్రం పళనియమ్మాళ్ టిఫిన్ బాక్సు పట్టుకొని గేటు దాటి పోయింది. పోయేటప్పుడు తిరిగి ఆయనను ఒక చూపు చూసింది. ఆ రాత్రి ఆయన బాగా నిద్రపోయినాడు. ఇరవై రెండేండ్లూ బాగానే నిద్రపోయినాడు.

"ఏమప్పా, పెన్ను రాయలేదా?" అన్నాడు రాజా.

జగన్నాథన్ కాగితం అక్కడే పెట్టేసి లేచినాడు. ఇంటికి పోయి గోడ పక్క పడుకొన్నాడు. బొమ్మి నుదుటి మీద చెయ్యి పెట్టి, "జొరం కొడతా ఉంది," అనింది. ఈసారి ఆయనకు కొంచెం గూడా సంతోషం కలగలేదు.

ఆదివారం మేడ మీద ఈ సంగతి అంతా చెప్పినాడు. చెప్పి తల ఎత్తితే, ముగ్గురి కండ్లలోనూ పండగ.

"ఇదప్పా నేరం!" అన్నాడు సార్, కుర్చీలోనుంచి లేచి. "నిజమైన నేరం! చూసినారా, మనిషిలో లేకుండా ఉండదు!"

మాడసామి చేతులు పట్టుకొని ఊపినాడు. "అన్నా, నా నెమలి దీని ముందర ఏపాటిది!"

అభిరామి మిఠాయి అంగడికి పోయి హల్వా కొనుక్కొని వచ్చింది. జగన్నాథన్ తినలేకపోయినాడు. ఇంక మిగిలింది ఒకటే, పోయి ఆ అమ్మ ముందర మోకరించాల అని సార్ చెప్పినాడు. ఒంటరిగా పోతానంటే ముగ్గురూ ఒప్పుకోలేదు. ఇట్లాటిది కండ్లారా చూసే యోగం మళ్ళీ రాదని మాడసామి ఆటో తెచ్చినాడు. విచారిస్తే పళనియమ్మాళ్ తళవాయిపురంలో సొంతంగా నైటీలు కుట్టే షెడ్డు పెట్టుకొని ఉందని తెలిసింది. దోవలో సార్ ఆటో వెనక సీట్లో కూర్చొని, మోకరించేటప్పుడు ముందు ఎడమ కాలా కుడి కాలా అని పుస్తకం తిరగేస్తా ఉన్నాడు. ఒక ముసలాయన చెయ్యి ఎత్తి, షేర్ ఆటోనే గదా అని ఎక్కబోయినాడు. "ఇది పాపం కడుక్కొనే ఆటో, తాతా," అని మాడసామి ఆపకుండా తోలినాడు.

ఆదివారం గనక షెడ్డులో కుట్టేవాళ్ళు లేరు. ఆరు మిషన్లు గుడ్డ కప్పుకొని ఉన్నాయి. తాళ్ళ మీద పూలపూల నైటీలు వరసగా వేలాడతా ఉంటే వాటి నడుమ నుంచి పళనియమ్మాళ్ కనబడింది. మెడలో టేపు, చేతిలో పెద్ద కత్తెర. తల నెరిసింది. తిరిగి చూసి, కత్తెర కింద పడేసింది.

"సూపర్‌వైజరయ్యా!"

ఆయన కాళ్ళ మీద పడాలని ఆమె ఉరికి వచ్చింది. ఆమె కాళ్ళ మీద పడాలని ఆయన వంగినాడు. రెండు తలకాయలూ టప్పని కొట్టుకొన్నాయి. ఇద్దరూ నొసలు పట్టుకొని నేల మీద కూలబడినారు. అప్పుడు జగన్నాథన్ చూపు ఆమె తల మీదుగా గోడ మీదికి పోయింది. అక్కడ మారియమ్మ పటం, మురుగన్ పటం, ఆ రెండింటి నడుమ మిల్లులో ఆయుధ పూజ దినం తీసిన గ్రూప్ ఫోటో. ముప్పై మంది ఉండే ఆ ఫోటోలో ఒక్క ముఖానికే గంధం పెట్టి, దాని మీద కుంకుమ పెట్టి ఉంది. ఆ ముఖం జగన్నాథన్‌ది. కింద ఊదుబత్తి పొగ కొంచెం కొంచెం లేస్తా ఉంది.

ఆయన దోవ పొడుగునా నేర్చుకొన్న మాటలన్నీ మరిచిపోయి ఒక్క ఊపులో చెప్పేసినాడు.

"పళనియమ్మా, నేను నీకు ద్రోహం చేసినాను. నీవు గుడ్డ దొంగిలించేది చూసినానని సంతకం పెట్టినాను గదా. నేను చూడలేదు. ఆ దినం ఆ పక్కకే రాలేదు. అది అబద్ధం సంతకం."

పళనియమ్మాళ్ నొసలు రుద్దుకొనేది ఆపేసింది. "అబద్ధం ఎట్లవుతుంది? నేను దొంగిలించినాను గదా."

నైటీల వెనక నుంచి మాడసామి, "ఆఁ?" అన్నాడు.

"కాగితంలో రాసినట్టే. నడుముకు చుట్టుకొన్నాను. ఒకసారి గాదు, పదకొండు సార్లు. మా చెల్లెలికి కవల పిల్లలు, గుడ్డలకు గతిలేదు. అట్ల మొదలై తరువాత అలవాటయిపోయింది. బేళ్ళు పెట్టే గదిలో, లోపల గడియ పెట్టుకొని."

"మేనేజర్ ఊహించి రాసినాడమ్మా! ఆయనకు గూడా ఏమీ తెలియదు!"

ఆమె లేచి నిలబడింది. గొంతు మారిపోయింది.

"గడియ పెట్టిన గది. కిటికీ లేదు. గోడలో సందు ఉందేమోనని ఆ తరువాత ఒక దినం అడుక్కొని లోపలికి పోయి తడిమి చూసినాను. సందు లేదు. మరి ఈ మనిషి ఎట్ల చూసినాడు? ఇరవై రెండేండ్లు అదే ఆలోచించినాను సూపర్‌వైజరయ్యా. ఇది మామూలు కన్ను గాదు అని తీర్మానం చేసుకొన్నాను. ఆ దినం నుంచి ఇంకొకరి బొత్తాం ఒకటి నేను తీసింది లేదు. గిరాకీలు ఇచ్చిన గుడ్డలో మిగిలిన ముక్కలన్నీ మూట కట్టి ఇచ్చేస్తాను. ఈ ఊర్లో పళనియమ్మాళ్ అంటే నాణెమైన మనిషి, కండ్లు మూసుకొని నమ్మొచ్చు అంటారు. ఎవరికి భయపడి అయినాను? నీకు! ఇప్పుడు ఆటో వేసుకొని వచ్చి, కన్నే లేదంటావా?"

సార్ నైటీలు తప్పించుకొని ముందుకొచ్చినాడు. "అమ్మా, ఆయన ఒప్పుకొన్నాడు. ఇప్పుడు నీవు క్షమించి లేవనెత్తాల. క్రమం అట్లుంది."

"నీవెవరు?"

"తమిళ ప్రొఫెసర్‌ని."

"అయితే బయట నిలబడు."

సార్ బయటికి పోయినాడు. గుమ్మం దాటలేదు గానీ, పోయినట్టు వీపు తిప్పుకొన్నాడు.

"చూసినానని చెప్పు," అనింది పళనియమ్మాళ్. "ఒక్క మాట. నేను ఇన్నాళ్ళూ ఉండినట్టే ఉండిపోతాను."

"చెప్పేయన్నా!" అన్నాడు మాడసామి.

"వద్దు!" అని గుమ్మంలో నుంచి సార్ కేక వేసినాడు. "ఒప్పుకోలును వాపసు తీసుకొనేది ఎక్కడా లేదు!"

జగన్నాథన్ నోరు తెరిచినాడు. మాట పెదవి దాకా వచ్చింది. చూసినానంటే రెండోసారి అబద్ధం సాక్షి. లేదంటే ఈ అమ్మ గోడ ఖాళీ. ఆయన తల అడ్డంగా ఊపినాడు. "చూడలేదమ్మా. ఇప్పుడు చెప్పినా అది నీకు అబద్ధమని తెలిసిపోతుంది."

పళనియమ్మాళ్ ఆయన ముఖంలోకి వంగి చూసింది. మెల్లగా అడిగింది. "ఒకటి చెప్పు. నేను దొంగిలించకుండా ఉంటే? ఒక్క నూలు పోగు గూడా తీయకుండా ఉంటే? అప్పుడు గూడా సంతకం పెట్టి ఉంటావా?"

పెట్టి ఉండనని చెప్పేదానికి ఆయన లోపలంతా వెతికినాడు. క్యాంటీన్‌లో తిన్న వడ గుర్తుకొచ్చింది, అది కరకరలాడింది గూడా గుర్తుకొచ్చింది.

"పెట్టి ఉంటాను," అన్నాడు.

అని, ఏడ్చినాడు. అభిరామి మాదిరి గాదు, మాడసామి మాదిరి గాదు. ముక్కు కారిపోతా, ఎక్కిళ్ళు వస్తా, ఒక నైటీ అంచు పట్టుకొని ముఖం తుడుచుకొంటా అసహ్యంగా ఏడ్చినాడు. చూసేదానికి వచ్చిన ముగ్గురూ చూడలేక వేరే పక్కలకు తిరిగినారు.

"ఆ నైటీ ఆర్డర్‌ది," అని పళనియమ్మాళ్ మెల్లగా లాక్కొనింది. తరువాత ముక్కాలి పీట ఎక్కి ఫోటోను దించింది. బొటనవేలితో గంధం, కుంకుమ తుడిచేసింది. వెనక తిప్పి చూసింది, ముందర తిప్పి చూసింది, బీరువా మీద పడేసింది. ఖాళీ అయిన చోటు కింద తనిఖీ బల్ల ఒకటుంది, దానికొక కుర్చీ.

"పటం పోయింది. ఇంక నన్ను ఎవరు చూస్తారు?" అనింది. "నీవే చూడు. రేపటి నుంచి రా. తొమ్మిదింటికి. ఆ కుర్చీలో కూర్చో. ఒక్కొక్క నైటీ తిప్పి చూడు, కుట్టు చూడు, కొలత చూడు. నేను కత్తిరించేది గూడా చూడు. చూసినదానికే చీటీ మీద సంతకం పెట్టాల. చూడనిదానికి పెట్టినావో, కత్తెర నా చేతిలోనే ఉంది."

"ఎన్ని దినాలమ్మా?"

"ఇరవై రెండేండ్లు నేను భయపడినాను. నీవు లెక్క వేసుకో."

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో సార్‌కు మనసు సరిలేదు. ఇది క్రమం గాదు, క్షమించలేదు, మంచు లేదు, శిక్షలో నైటీలు ఉండేది ఏ పుస్తకంలోనూ చదవలేదు అన్నాడు. మాడసామి మాత్రం దోవలో ఆటో ఆపి, అద్దం మీది మురుగన్ బొమ్మ ముఖం కొంచెంసేపు చూసినాడు. మళ్ళీ తోలినాడు.

బొమ్మి సంగతి విని, "శిక్షా? సరి, ఎన్ని గిన్నెల టిఫిన్ బాక్సు పెట్టాల?" అని అడిగింది. అడిగి, ఇంకొకటి గూడా అనింది. "నాకు చేసినదానికి గూడా ఆ మాదిరి శిక్ష ఏదైనా రాయించుకొనొచ్చునా?" జగన్నాథన్ ఆ రాత్రి మొదటిసారి రసం బాగుందన్నాడు. ఆమె ఆయన నుదురు మళ్ళీ తాకి చూసింది.

సోమవారం నుంచి ఆయన తొమ్మిదింటికి తళవాయిపురంలో ఉండేవాడు. టౌన్ బస్సు ఇరుకు, షెడ్డులో ఎండ వేడి, కుర్చీకి ఒక కాలు పొట్టి. కుట్టే ఆడపిల్లలకు ఆయన ఎవరో చెప్పలేదు. కొత్త చెకింగ్ తాత అనుకొన్నారు. చంక కింద కుట్టు ఊడింది, మెడ పట్టీ వంకర, కాజా పెద్దది అని ఆయన వేరు చేసి పెట్టినవి కుప్పలు కుప్పలు అయినాయి. పళనియమ్మాళ్‌తో మాట్లాడేది తక్కువ. ఆమె కత్తిరించేటప్పుడు ఆయన అద్దాలు పెట్టుకొని చూసేవాడు. చూస్తా ఉన్నాడా లేదా అని ఆమె అప్పుడప్పుడు తిరిగి చూసేది.

మూడో వారంలో ఒక దినం, గిరాకీ గుడ్డలో మిగిలిన పచ్చపూల ముక్కను ఆమె మూటలో పెట్టకుండా తన పెట్టెలోకి తోసింది. మీటరు దాకా ఉంటుంది. జగన్నాథన్ చూసినాడు. నీళ్ళు తాగినాడు. రెండు నైటీలు చూసినాడు, ఏం చూసినాడో తెలియలేదు. నీళ్ళు మళ్ళీ తాగినాడు. అరగంట తరువాత లేచి బల్ల దగ్గరికి పోయినాడు.

"అమ్మా, ఆ పచ్చపూల ముక్క... అది నీది గాదు."

పళనియమ్మాళ్ కత్తెర పక్కన పెట్టింది. "చూసి ఎంతసేపయింది?"

"అరగంట."

"అరగంట ఎందుకు ఊరకున్నావు?"

"భయపడి."

"ఎవరికి?"

"నీకే."

ఆమె నవ్వింది. ముందు చిన్నగా, తరువాత టేపు మెడలోనుంచి జారిపోయేదాకా. ఆరు మిషన్లూ ఆగిపోయినాయి. ఆడపిల్లలు ఏమయిందో తెలియక ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారు. ఆమె పెట్టె తెరిచి ముక్కను తీసి మూటలో వేసి, పేరు చీటీ కట్టింది. అది ఆయనను పరీక్ష చేసేదానికి తీసిందో, నిజంగానే చేతి అలవాటుగా తీసిందో ఆమె చెప్పలేదు. ఆయన అడగలేదు. ఆ మధ్యాన్నం ఆమె తన టిఫిన్‌లోని వేపుడు సగం ఆయన మూత మీద పెట్టింది.

దీపావళికి ముందు వచ్చే పురట్టాసి నెల వచ్చింది. ఆర్డర్లు మీద పడినాయి. షెడ్డులో కాలు పెట్టే చోటు లేదు. ఒక శుక్రవారం, పక్క ఊరి గుడ్డల అంగడాయన లారీ నిలబెట్టి తొందర చేస్తా ఉంటే, చూడకుండా నూరు చీటీల మీద సంతకం పెట్టి ఇచ్చేయమని ఆడపిల్ల ఒకటి వచ్చి అడిగింది. జగన్నాథన్ ఆ పిల్లను కోపంగా చూసి, మొదటి నైటీ తీసి బల్ల మీద పరిచినాడు. లారీ హారన్ కొట్టింది. పళనియమ్మాళ్ బయటికి పోయి, "తాత చూసేదాకా ఒక్కటీ ఎక్కదు," అని చెప్పి వచ్చింది.

"అమ్మా," అన్నాడు ఆయన, మెడ పట్టీ వేళ్ళతో తడుముతా. "నేను లెక్క వేసుకొన్నాను. నీవు చెప్పినట్టు అయితే నాకు ఎనభై మూడేండ్లు వస్తాయి."

"వస్తే రానీ."

"నడుం నొప్పమ్మా."

"దీపావళి ఆర్డర్ పోనీ, కుర్చీ కాలు బాగు చేయిస్తాను," అనింది పళనియమ్మాళ్.